తల్లి లేని కూనకు ఎనిమిది వారాలు

ఆ కుక్క కూనను నా చేతుల్లో పెట్టినప్పుడు దాని ఒళ్ళు చల్లగా ఉంది. ఆ ఉదయమే తల్లి వాహనం కింద పడి చనిపోయింది, తోబుట్టువుల జాడ దొరకలేదు. కళ్ళు తెరవలేదు, చెవులు తలకు అతుక్కొని ఉన్నాయి, బొడ్డు రాలిన మచ్చ ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి నాలుగైదు రోజుల వయసు ఉంటుందనుకున్నాను. పాపం ఆకలితో ఉంటుందని వెంటనే పాలు కలపబోతుంటే పశువైద్యురాలు ఫోనులోనే వారించారు. ఒళ్ళు చల్లబడిన కూనకు పేగుల కదలిక ఆగిపోతుందని, అప్పుడు పాలు పడితే అరగక ప్రాణం మీదికి వస్తుందని, ముందు మెల్లగా వెచ్చబరచాలని ఆవిడ చెప్పారు. ఆ వయసు కూనకు వణికి ఒంట్లో వేడి పుట్టించుకునే శక్తి కూడా ఉండదట. వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టి, దాని నోటి లోపలి భాగం నా వేలికి వెచ్చగా తగిలేదాకా గంటకు పైగా ఆగాను. ఆ గంట గడవడం నాకు చాలా కష్టమయింది.

ఆవుపాలు పనికిరావు. కుక్క పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలలో కన్నా రెట్టింపుకు పైగా ఉంటాయి, లాక్టోజు అనే పాల చక్కెర తక్కువగా ఉంటుంది. అందుకే ఆవుపాలు పట్టిన కూనలు విరేచనాలతో నీరసిస్తాయి. కూనల కోసమే తయారుచేసే పాలపొడిని రెండున్నర గంటలకొకసారి, రాత్రుళ్ళు కూడా అలారం పెట్టుకొని లేచి కలిపాను. మూడో రోజున నేను చేసిన పొరపాటును దాచుకోను. పాలు నెమ్మదిగా వస్తున్నాయని పాలపీక రంధ్రాన్ని సూదితో పెద్దది చేశాను. రెండు గుక్కలు తాగిందో లేదో, ముక్కులోంచి పాల బుడగలు వచ్చాయి. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందని తెలిసి ఆ రాత్రంతా దాని ఛాతీకి చెవి ఆనించి శ్వాస వింటూనే ఉన్నాను. అదృష్టవశాత్తు ఏమీ కాలేదు. పసిపిల్లలను పట్టుకున్నట్టు వెల్లకిలా పట్టుకోకుండా, తల్లి దగ్గర తాగేటట్టే బోర్లా ఉంచి, సీసాను తలకిందులు చేస్తే పాలు బొట్లుగా మాత్రమే రాలేటట్టు చూసుకొని పట్టాలని ఆ తరువాత ఎప్పుడూ మరచిపోలేదు.

పాలు పట్టిన ప్రతిసారీ గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో పొట్ట కింద మృదువుగా రుద్దితేనే అది మూత్రమూ మలమూ విసర్జించేది. తల్లి నాలుకతో చేసే పని అది. మూడో వారం దాటాక ఆ అవసరం తీరింది. రోజూ ఉదయం వంటింటి త్రాసు మీద తూచి పుస్తకంలో రాసేవాడిని. మొదటి రోజు 290 గ్రాములు. ఆ తరువాత ఇరవై గ్రాములు పెరిగిన రోజున నాకు అన్నం సయించేది, పెరగని రోజున మనసు నిలిచేది కాదు.

ఇంటికి వచ్చిన తొమ్మిదో రోజున ఎడమ కన్ను ముక్కు వైపు మూలలో సన్నని గీతలా విచ్చుకుంది. లోపల మసక నీలిరంగు కనిపించింది. చూపు ఇంకా లేకపోయినా, దీపం వైపు తిప్పితే ముఖం పక్కకు తిప్పుకుంది.

పాల సీసా దశ అన్నిటికన్నా కష్టమైనదనుకున్నాను కాని, అసలు చిక్కు నాలుగో వారం తరువాత మొదలైంది. మెత్తని తిండికి అలవాటు పడటం తేలికగానే జరిగిపోయింది. కొరకడమే ఆగలేదు. తోబుట్టువులతో పెరిగే కూన గట్టిగా కొరికితే అవతలిది కీచుమని అరిచి ఆట మానేస్తుంది, ఎంత బలంగా కొరకవచ్చో దానికి అలా తెలిసివస్తుంది. ఒంటరి కూనకు ఆ పాఠం చెప్పేవారు ఉండరు. కొరికిన ప్రతిసారీ నేను కదలకుండా ఉండిపోయి, లేచి వెళ్ళిపోయేవాడిని. కొంత ఫలించింది, కాని నా ముంజేతుల మీద గాట్లు మానలేదు. మనిషి ఎంత ప్రేమగా పెంచినా కుక్కకు కుక్క నేర్పవలసినవి కొన్ని మిగిలే ఉంటాయని అప్పుడు నాకు నమ్మకం కుదిరింది. నా దగ్గరే ఉంచుకోవాలన్న ఆశను ఆ నమ్మకంతోనే వదులుకున్నాను.

అడిగినవారిలో ఒకరు పగలంతా ఇంట్లో లేనివారు, మరొకరు పుట్టినరోజు కానుకగా కావాలన్నారు, ఇద్దరికీ ఇవ్వలేదు. మూడో కుటుంబంలో ఏడేళ్ళ ఆడకుక్క ఉంది, నెమ్మదైనది, టీకాలన్నీ వేసినది. మా కూనకు నట్టల మందూ మొదటి టీకా పూర్తయ్యాక తీసుకువెళ్ళి రెండింటినీ కలిపాము. కూన తిన్నగా పోయి ఆ పెద్దదాని చెవి పట్టి లాగింది. పెద్దది పెదవి పైకెత్తి, గొంతులో ఒక్కసారి గుర్రుమని, మూతితో దాని మెడను నేలకు అదిమి వెంటనే వదిలేసింది. కూన నిశ్చలంగా పడుకొని, కాసేపటికి లేచి, ఈసారి చెవిని నాకింది. నాలుగు వారాలు నా చేత కానిది దానికి నిమిషం కూడా పట్టలేదు.

వారం తరువాత అది పడుకునే పాత తువాలుతో సహా వాళ్ళకు అప్పగించాను. బరువుల పుస్తకం కూడా ఇచ్చాను. చివరిగా రాసింది 3 కిలోల 400 గ్రాములు. మిగతా పేజీలలో వాళ్ళు రాసుకుంటున్నారు.