స్టువర్టుపురంలో ఒక పూట

బాపట్ల స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుంటుంటే డ్రైవర్ ఒకే ఊపులో రెండు మాటలన్నాడు. "స్టువర్టుపురమా సార్? ఫోనూ పర్సూ జాగ్రత్త. వెయిట్‌లిఫ్టింగ్‌లో గోల్డ్ కొట్టిన కుర్రాడిది ఆ ఊరే, తెలుసుగా?" మొదటిది హెచ్చరిక, రెండోది గర్వం. రెండింటికీ పొసగదని అతనికి తోచినట్టు లేదు. దారి పొడుగునా ఆ మాటలే నా చెవిలో తిరిగాయి.

ఈ ఊరు చూడాలని నేను అనుకున్నది 2018 ఏప్రిల్‌లో. ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో కామన్‌వెల్త్ క్రీడలు జరుగుతున్నాయి. 85 కిలోల విభాగంలో రాగాల వెంకట రాహుల్ ఒక్క ఊపున తల మీదికెత్తే స్నాచ్‌లో 151, రెండు అంచెల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు ఎత్తి బంగారు పతకం గెలిచాడు. టీవీలో అతని ఊరి పేరు చెప్పారు. ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం మా హాస్టల్ గది కళ్ల ముందుకొచ్చింది.

ఇంటర్ చదివేటప్పుడు ఆ గదిలో నలుగురం ఉండేవాళ్లం. వాళ్లలో ఒకడు, ఊరెక్కడని ఎవరడిగినా "బాపట్ల దగ్గర" అనేసి ఊరుకునేవాడు. ఒకసారి వాళ్ల నాన్న పంపిన మనియార్డర్ కూపన్ మంచం మీద ఉంటే, ఎవడో దాని మీద ఊరి పేరు చదివాడు. ఆ సాయంత్రమే నేను బజారుకెళ్లి నా ట్రంకుపెట్టెకి రెండో తాళం కొన్నాను. ఇత్తడి తాళం, చిన్నది. వారం తిరిగేసరికి మిగతా ఇద్దరి పెట్టెలకూ కొత్త తాళాలు వచ్చాయి. గదిలో ఏ వస్తువూ పోలేదు. వాణ్ణి ఎవరం ఒక్క మాట కూడా అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా పోయింది. వాడి పెట్టె ఒక్కటే తాళం లేకుండా ఉండేది, ముందు నుంచీ అంతే. దసరా సెలవులకి వెళ్లినవాడు మళ్లీ రాలేదు.

ఊరు దగ్గరపడుతుంటే నేల ఇసుకగా మారింది. సరుగుడు తోటలు, వాటి మధ్య నుంచి ఉప్పగా కొట్టే సముద్రపు గాలి. ఈ తీరం ఉప్పుకు పాతకాలం నుంచీ పెట్టింది పేరు. ఈ ఊళ్లో ఉండేది ఎక్కువగా ఎరుకల వాళ్లు. వాళ్లలో చాలామంది ఒకప్పుడు ఉప్పు వ్యాపారులు. తీరం నుంచి ఉప్పును గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని లోపలి ఊళ్లకు తీసుకెళ్లి, ధాన్యానికి మార్చుకుని వచ్చేవాళ్లు. తెల్లవాళ్లు ఉప్పు మీద పన్ను బిగించారు, దానికి తోడు రైలు వచ్చింది, ఆ వ్యాపారం నిలువునా కూలిపోయింది. ఊరూరా తిరిగి బతికే అలవాటున్న మనుషులు సర్కారు కళ్లకు అనుమానితులయ్యారు. పూట గడవక కొందరు దొంగతనాల్లోకి దిగిన మాటా నిజమే. అయితే చట్టం ఆ కొందరితో ఆగలేదు. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేసిన నేరస్థ జాతుల చట్టం, కులం మొత్తాన్ని పుట్టుకతోనే నేరస్థులుగా రాసుకునే వీలిచ్చింది. అలా రాసుకున్నవాళ్లని ఒకచోట నిఘాలో ఉంచడానికి ఆ దశాబ్దంలోనే ఈ సెటిల్మెంటు వెలిసింది, దీన్ని నడిపే పని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థకి అప్పజెప్పారు. ఊరికి పెట్టిన పేరు మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్‌ది. చీరాల పొగాకు కంపెనీకి ఇక్కణ్ణుంచే కూలీలను తోలారు.

ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న ముసలామె నన్ను చూసి, "ఎవరింటికి నాయనా?" అంది. నా స్నేహితుడి ఇంటిపేరు చెప్పాను. "ఆళ్లు ఎప్పుడో ఎళ్లిపోయారు. ఎటెళ్లారో మరి" అని, పక్కనున్న మంచం చూపించి కూర్చోమంది. మంచినీళ్లు తెప్పించింది. ఆమె అత్తగారు చెప్పేదట: రాత్రి నిద్రలోంచి లేపి హాజరు పలికించేవాళ్లు, పక్క ఊళ్లో పెళ్లికి పోవాలన్నా చీటీ రాయించుకోవాలి. "చంటిబిడ్డతో కూడా నిలబడాల్సిందే నాయనా" అంది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉండుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

ఆ చట్టాన్ని 1952లో దేశమంతటా రద్దు చేశారు. 1970ల్లో సంఘ సంస్కర్తలు లవణం, హేమలతా లవణం దంపతులు ఈ ఊళ్లో ఏళ్ల తరబడి పనిచేశారు. ఆమె జాషువా గారి కూతురు. నేరం నుంచి బయటికి వచ్చేవాళ్లకి దారి చూపడంతో పాటు, వాళ్లను మనుషులుగా చూడమని బయటి సమాజాన్నీ అడిగారు. ఆ రెండో పనే కష్టమని నా అభిప్రాయం. చట్టం పోయిన ఎన్నో ఏళ్ల తర్వాత నేను తాళం కొన్నాను కదా. నన్ను కొనమని ఏ దొరా చెప్పలేదు.

వెయిట్‌లిఫ్టింగ్‌లో ముగ్గురు రిఫరీలుంటారు. బార్ తల మీదికి వెళ్లాక మోచెయ్యి వంగి మళ్లీ నిటారైతే చెల్లదని ఎర్ర లైటు వేస్తారు. ఎర్ర లైటుకు ఒక కారణం ఉండాలి, అది కళ్ల ముందు జరిగి ఉండాలి. ఈ ఊరివాళ్లకి నలభై ఏళ్లు అలా చూసిన రిఫరీ లేడు. అందుకే ఆ పతకం నన్ను అంతగా కదిలించింది. అదే సమయంలో ఒక భయమూ ఉంది. పతకం తెచ్చాడు కాబట్టి ఊరు మంచిది అనడం మొదలుపెడితే, ఏ పతకమూ తేని నా స్నేహితుడి సంగతేమిటి? తాళం వెయ్యని పెట్టెతో మా మధ్య పడుకున్నవాడికి మన్నన దక్కడానికి 338 కిలోలు ఎత్తాలా?

లేచి వస్తుంటే వెనక వీధిలో ఇనుము నేలకి తగిలిన చప్పుడు. ఒక పెరట్లో పదిహేనేళ్ల కుర్రాడు ఒక్కడే సాధన చేస్తున్నాడు. కింద పాత రబ్బరు షీట్లు పరిచి ఉన్నాయి, బార్‌కి చేతులు పట్టేచోట నునుపు తేలింది. కొబ్బరి చిప్పలో చాక్ పొడి. వాడు నన్ను చూసి మొహమాటపడలేదు. గోడ దగ్గరికి వచ్చి, "సార్, ఒక వీడియో తీస్తారా? కోచ్‌కి పంపాలి. మోచేతులు కనపడాలి" అంటూ తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. నేనెవరో అడగలేదు. ఫోన్ కవర్ మీద వాడి వేళ్లు తెల్లగా అచ్చు పడ్డాయి.

వాడు వెళ్లి బార్ ముందు నిలబడి, ఊపిరి బిగబట్టి వంగాడు. నేను రికార్డు నొక్కాను. బార్ ఒక్క ఊపున పైకి లేచింది. వాడు కింద గొంతుక్కూర్చుని, కాళ్లు వణుకుతుండగా మెల్లగా నిలబడ్డాడు. బార్ దించాక నావైపు తిరిగి, "వంగిందా సార్?" అన్నాడు.

"లేదు నాన్నా, వంగలేదు" అన్నాను.