ముక్కు కడుక్కోవడమా, స్ప్రే కొట్టుకోవడమా? రెండూ వాడాక నాకు తెలిసింది

పొద్దున లేవగానే వరసపెట్టి పది పదిహేను తుమ్ములు, ఆ తర్వాత గంట సేపు ముక్కు కారుతూనే ఉండటం, రాత్రి పడుకుంటే ఒక పక్క పూర్తిగా మూసుకుపోవడం, నోటితో గాలి పీల్చి పీల్చి తెల్లారేసరికి గొంతు అట్టలా ఎండిపోవడం... ఇదంతా వారం రోజుల జలుబైతే ఎవరూ పట్టించుకోరు, ఏళ్ల తరబడి ఉంటే మాత్రం నిద్ర పోతుంది, వాసన పోతుంది, ఓపిక కూడా పోతుంది. నాకు ఏడేళ్లుగా ఉంది. మొదట్లో అందరిలాగే నేనూ సైనస్ అనేదాన్ని, ఈఎన్‌టీ డాక్టర్ చూసి ఇది సైనస్ కాదమ్మా, క్రానిక్ రైనైటిస్ అన్నారు. అంటే ముక్కు లోపలి పొర ఎప్పుడూ వాచి, చిరాగ్గా ఉండటం. కొందరికి ఇది ఎలర్జీతో వస్తుంది, దుమ్ములో కంటికి కనపడని పురుగులు, పుప్పొడి, కుక్కా పిల్లీ లాంటివి, కొందరికి ఎలర్జీ ఏమీ లేకుండానే చల్లగాలికో ఘాటు వాసనకో మొదలైపోతుంది. నాకు రెండూ కలిసి ఉన్నాయట.

ఈ మధ్య ఇద్దరు ముగ్గురు ఒకటే అడిగారు, ముక్కు కడుక్కోవడం మంచిదా స్ప్రే మంచిదా అని. ఈ రెండిట్నీ పోటీ పెట్టడమే తప్పని నా గట్టి నమ్మకం, ఎందుకంటే అవి చేసే పనులు వేరు. ఆ సంగతి నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది, మధ్యలో ఒక పెద్ద పొరపాటు కూడా చేశాను, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ముందు ఆ పొరపాటు గురించి. మందుల షాపులో "ముక్కు దిబ్బడకి ఏదైనా ఇవ్వండి" అంటే ఇచ్చేది చాలాసార్లు జైలోమెటాజోలిన్ గానీ ఆక్సీమెటాజోలిన్ గానీ ఉన్న చుక్కల మందో స్ప్రేయో అయ్యుంటుంది. కొట్టుకున్న కొద్ది నిమిషాల్లో ముక్కు తలుపు తీసినట్టు తెరుచుకుంటుంది, ఆ హాయి చెప్పనలవి కాదు. ముక్కు లోపల పక్క గోడలకి టర్బినేట్స్ అని మెత్తటి ముద్దల్లాంటివి ఉంటాయి, వాటి నిండా రక్తనాళాలే, ఈ మందు ఆ నాళాల్ని బిగించేస్తుంది కాబట్టి వాపు దిగి దారి తెరుచుకుంటుంది. మందు దిగిపోగానే నాళాలు మళ్ళీ ఉబ్బుతాయి. మూడు నాలుగు రోజులు, మహా అయితే అయిదు రోజులకి మించి వాడితే ఆ ఉబ్బు ముందుకంటే ఎక్కువైపోయే ప్రమాదం ఉంది, అప్పుడు మళ్ళీ కొడతాం, మళ్ళీ ఉబ్బుతుంది. దీనికి డాక్టర్లు పెట్టిన పేరే రైనైటిస్ మెడికమెంటోసా, మందు తెచ్చిన రైనైటిస్.

నేను అయిదు రోజులు కాదు, దాదాపు అయిదు నెలలు వాడాను. దిండు కింద ఒక సీసా, బ్యాగులో ఒకటి, ఆఫీసు డ్రాయర్లో ఒకటి. రాత్రి రెండింటికి ఊపిరాడక లేచి చీకట్లో దిండు కింద తడుముకుంటుంటే పక్కన పడుకున్న మా అక్క లైటు వేసి, సీసా చేతిలోకి తీసుకుని కాగితం మీద సన్న అక్షరాలు చదివి, "ఇదేంటే, ఇన్ని రోజులకి మించి వాడొద్దని ఇక్కడే రాసుంది కదా" అంది. ఆ మాటకి ఎంత భయమేసిందో. డాక్టర్ దగ్గరికి వెళితే ఒక పక్క ముక్కుకి ముందు ఆపించి, రెండో పక్కకి మాత్రం కొన్నాళ్ళు కొట్టుకోమన్నారు, ఆపిన పక్క తెరుచుకున్నాక రెండోది కూడా ఆపేయమని, తోడుగా స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టించారు. మొదటి వారం నరకం అన్నా తక్కువే. రెండో వారం చివర్లో ఒక రాత్రి మధ్యలో లేవకుండా పడుకున్నాను, పొద్దున లేచాక కాసేపటికి గానీ ఆ సంగతి గుర్తు రాలేదు.

కాబట్టి స్ప్రే అనగానే అన్నీ ఒకటే అనుకోవద్దు, దయచేసి సీసా మీద మందు పేరు చదవండి. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్, బ్యుడెసొనైడ్ ఇవి స్టెరాయిడ్లు, వాపుని మూలంలో తగ్గిస్తాయి. వెంటనే ఏమీ జరగదు, రోజూ వాడుతుంటే కొన్ని రోజులకి తేడా తెలుస్తుంది, పూర్తి గుణం కనపడటానికి రెండు వారాలు కూడా పట్టొచ్చు, చాలామంది మూడో రోజే పని చేయట్లేదని పక్కన పడేస్తారు. స్టెరాయిడ్ అన్న మాటకే జడుసుకునేవాళ్ళు ఉన్నారు, మా ఇంట్లోనూ ఆ గొడవ అయింది, కానీ ఇది ముక్కులో పడిన చోటే పని చేస్తుంది, ఈ కొత్తరకం మందులు ఒంట్లోకి వెళ్ళేది చాలా తక్కువ. పిల్లలకి, గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్ళకి, గర్భిణులకి మాత్రం డాక్టర్ చూపు ఉండాలి. ఎలర్జీ రైనైటిస్‌కి ఒంటరిగా అన్నిటికంటే బాగా పని చేసే మందు ఏదంటే ఇదే. అజెలాస్టిన్ అని ఇంకొకటి ఉంది, యాంటీహిస్టమిన్ అంటే ఎలర్జీని అణిచే రకం స్ప్రే, అది పావుగంటలోనే పని మొదలుపెడుతుంది, తుమ్ములకీ దురదకీ బాగుంటుంది, గొంతులోకి జారితే మాత్రం నోరంతా చేదు. నీళ్ళలా కారడమే ముఖ్య బాధ అయితే ఇప్రాట్రోపియం ఇస్తారు. ఉత్త సెలైన్, అంటే ఉప్పునీళ్ళ స్ప్రే అయితే మందే కాదు, ముక్కు తడిగా ఉంచుతుంది అంతే.

ఇక కడుక్కోవడం. యోగా చేసేవాళ్ళు జలనేతి అంటారు కదా, అదే, ఇప్పుడు 240 మిల్లీలీటర్ల మెత్తటి ప్లాస్టిక్ సీసాలు వస్తున్నాయి, నాకు చెంబుకంటే అదే వీలుగా ఉంది. సింక్ మీదకి వంగి, తల కొద్దిగా పక్కకి తిప్పి, నోరు తెరిచి నోటితోనే ఊపిరి తీస్తూ సీసా మెల్లగా నొక్కితే ఒక రంధ్రంలోంచి వెళ్ళిన నీళ్ళు రెండో రంధ్రంలోంచి వస్తాయి, మొదటిసారి మునిగిపోతున్నట్టు అనిపిస్తుంది గానీ మూడోసారికి అలవాటైపోతుంది. ఎంత చీదినా రాని చిక్కటి చీమిడి, తీగలా సాగుతూ, ఒక్కోసారి దుమ్ముతో బూడిద రంగులో బయటికొస్తుంది, దాన్ని చూసిన రోజు నాకు ఈ పద్ధతి మీద నమ్మకం కుదిరింది. పుప్పొడీ దుమ్మూ పొరకి అంటుకుని ఉంటే ఎలర్జీ రేగుతూనే ఉంటుంది, నీళ్ళు వాటిని కడిగేస్తాయి. కానీ వాపుని మందులా తగ్గించే శక్తి వాటికి లేదు. వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచి చూసే కాక్రేన్ అనే సంస్థ 2018 సమీక్ష కూడా ఎలర్జీ రైనైటిస్‌లో సెలైన్ వాడినవాళ్ళకి లక్షణాలు తగ్గొచ్చనే చెప్పింది, అయితే ఆధారాలు అంత బలమైనవి కావని కూడా చెప్పింది. నా అనుభవం కూడా అంతే, కడుక్కోవడం ఒక్కదానితో సగం వరకూ వచ్చాను, మిగతా సగం స్ప్రేతోనే.

నీళ్ళ విషయంలో మాత్రం ఒక్క అడుగు కూడా సడలించొద్దు. కుళాయి నీళ్ళు నేరుగా ముక్కులోకి పోయొద్దు. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్ళతో ముక్కు కడుక్కున్న ఇద్దరు చనిపోయారు, నీళ్ళలో నేగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ఉంది. ఆ నీళ్ళు తాగితే ఏమీ కాదు, ముక్కులోకి వెళితే అక్కణ్ణుంచి మెదడుకి ఎక్కుతుంది. చాలా అరుదే, కానీ వస్తే బతకడం దాదాపు అసాధ్యం. డిస్టిల్డ్ వాటర్ కొనుక్కోవచ్చు, లేదంటే నీళ్ళు తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం కాగనిచ్చి, గోరువెచ్చగా అయ్యాక వాడాలి, ఎత్తైన కొండ ప్రాంతమైతే మూడు నిమిషాలు. ఫిల్టర్ నీళ్ళే కదా అని నేనూ వాదించాను, మామూలు తాగునీళ్ళ ఫిల్టర్లన్నీ దీనికి సరిపోవు.

ఉత్త నీళ్ళు పోస్తే లోపల కారం కొట్టినట్టు మండుతుంది, ఉప్పు తప్పనిసరి. అయోడిన్ లేని ఉప్పు మూడు టీ చెంచాలు, వంట సోడా ఒక టీ చెంచా కలిపి డబ్బాలో పెట్టుకుని, అందులోంచి ఒక టీ చెంచా ఆ 240 మిల్లీలీటర్లలో కలుపుతాను. మంటగా ఉంటే పొడి కొంచెం తగ్గించుకోవచ్చు. గట్టిగా నొక్కితే చెవులు దిబ్బళ్ళు వేస్తాయి, ముక్కు పూర్తిగా బిగుసుకుపోయినప్పుడు బలవంతాన పోయొద్దు. అయిపోయాక ముందుకి వంగి, తల అటూ ఇటూ తిప్పి, రెండు రంధ్రాలూ తెరిచి ఉంచే మెల్లగా చీదాలి. అయినా అరగంట తర్వాత నేల మీద ఏదో తీసుకోవడానికి వంగితే బొటబొటా కారుతుంది, ఎక్కడికైనా బయల్దేరే ముందు ఇది పెట్టుకోకండి. సీసా రోజూ కడిగి ఆరబెట్టాలి, తడిగా మూత పెట్టి వదిలేస్తే అందులోనే క్రిములు పెరుగుతాయి.

రెండూ వాడేటప్పుడు వరస ముఖ్యం. ముందు కడగాలి, పది పదిహేను నిమిషాలు ఆగాలి, తర్వాత మందు స్ప్రే. నేను మొదట్లో స్ప్రే కొట్టి వెంటనే కడిగేదాన్ని, అంటే మందు మొత్తం సింకులోకే పోయింది. కడగకుండా కొడితేనేమో చీమిడి మీద పడి ఆగిపోతుంది, దుమ్ము తుడవని గోడకి రంగు వేసినట్టు.

స్ప్రే పట్టుకునే తీరు కూడా ఎవరూ చెప్పరు. తల వెనక్కి వాల్చకూడదు, కొంచెం కిందికి వంచాలి. కుడి ముక్కుకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకి కుడి చేత్తో పట్టుకుంటే స్ప్రే మూతి దానంతటదే బయటి వైపుకి, అంటే ఆ పక్క కంటి చివర వైపుకి తిరుగుతుంది. మధ్య గోడకి తగిలేలా కొడితే అక్కడ పుండుపడి రక్తం వస్తుంది, నాకు రెండుసార్లు వచ్చింది, చేయి మార్చాక మళ్ళీ రాలేదు. గట్టిగా పీల్చొద్దు, పీలిస్తే మందు గొంతులోకి పోతుంది.

ఇంకోటి, ఒక పక్క ముక్కు కాసేపు బిగిసి, కొన్ని గంటలకి రెండో పక్కకి మారడం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ జరిగేదే, దాన్ని చూసి కంగారుపడి మందు పెంచొద్దు. ఎప్పుడూ ఒకే పక్క మూసుకుపోయి ఉన్నా, ఒకే పక్క నుంచి రక్తం వస్తున్నా, మొహం నొప్పితో జ్వరం ఉన్నా ఇంట్లో కడుక్కుంటూ కూర్చోకుండా ఈఎన్‌టీకి చూపించుకోండి.

ఇప్పుడు నేను రోజూ సాయంత్రం ఇంటికొచ్చాక ఒకసారి కడుక్కుంటాను, రాత్రి మొమెటాసోన్ కొట్టుకుంటాను. పోయిన నెల డాక్టర్ డోస్ తగ్గించారు. దిండు కింద సీసా లేదు, డ్రాయర్లోదీ పారేశాను, మొన్న వాన పడ్డాక కిటికీ తీస్తే తడిమట్టి వాసన తెలిసింది.