రాయవేలూరులో ఆ తలుపు దగ్గర

మావైపు ఎవరికైనా గుండె జబ్బు ముదిరిందంటే రెండు ఊళ్ల పేర్లే వినిపిస్తాయి. ఒకటి హైదరాబాదు, రెండోది తమిళనాట రాయవేలూరు, అదే వెల్లూరు. గుండె వాల్వు పాడైతే అమ్మ హైదరాబాదు వద్దంది. "పోతే రాయవేలూరే పోదాం. అక్కడ ప్రార్థన చేసి కత్తి పడతారు" అంది. 2019 ఫిబ్రవరిలో అలా బయల్దేరాం, అమ్మా నేనూ. నాన్న లేరు. తమ్ముడికి దుబాయిలో సెలవు దొరకలేదు.

అమ్మకు అప్పుడు అరవై ఏడేళ్లు. పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. చదువు, పెళ్లి, మా ఇద్దరి పుట్టుక, చివరికి నాన్న సమాధి కూడా గుంటూరు లోపలే. చర్చిలో ఎడమవైపు మూడో బల్ల, కిటికీ పక్కన, నాన్న బతికున్నప్పటి నుంచీ ఆమె చోటు అది. బయల్దేరే ముందు ఆదివారం ఆరాధన అయిపోయాక కూడా ఆ బల్ల మీదే కూర్చుండిపోయింది. పాస్టరుగారు వచ్చి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే లేచింది. ఇంటికొచ్చాక, "అక్కడ చర్చి అరవంలో ఉంటుందేమో గదా" అని ఒక్క మాట అంది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు. టికెట్ల టెన్షన్‌లో ఉన్నాను.

తెనాలిలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. వాల్వు జబ్బు ముదిరి అమ్మ వెల్లకిలా పడుకోలేదు, పడుకుంటే ఊపిరి ఆడదు. అందుకని సీనియర్ సిటిజన్ కోటాలో కింది బెర్తు అడిగితే ఇద్దరికీ పై బెర్తులు వచ్చాయి. కింది బెర్తుల్లో ఇద్దరు మగవాళ్లున్నారు, నా వయసువాళ్లే. విషయమంతా చెప్పి బతిమాలాను. ఒకాయన ఫోనులోంచి తల ఎత్తలేదు. రెండో ఆయన తనకు నడుం నొప్పని చెప్పి దుప్పటి కప్పుకున్నాడు. ఏడేళ్లయినా ఆ దుప్పటి గళ్లు నాకు గుర్తున్నాయి. చివరికి సైడు లోయర్‌లో ఉన్న ఒక కుర్రాడు, తిరుపతి వెళ్తున్నాడు, "అమ్మగారూ, మీరు ఇక్కడ కూర్చోండి, నేను పైకెక్కుతా" అని తన బెర్తు ఇచ్చాడు. రేణిగుంటలో అమ్మకు టీ కూడా తెచ్చిపెట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఆ రాత్రంతా అమ్మ కిటికీ పక్కన నిటారుగా కూర్చునే ఉంది. నేను ఆమె కాళ్ల దగ్గర. ఒంగోలు దాటాక బండిలో లైట్లన్నీ ఆర్పేశారు. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థిస్తోందనుకున్నాను. ఉన్నట్టుండి నావైపు వంగి అడిగింది.

"ఇక్కడ కూడా ఉంటాడంటావా?"

"ఎవరమ్మా?"

"దేవుడు."

నాకు మాట రాలేదు. బైబిల్లో నూట ముప్పైతొమ్మిదో కీర్తన నా చేత ఆరేళ్ల వయసులో కంఠతా పట్టించింది ఈమె. సండేస్కూల్లో ముప్పై ఏళ్లు టీచరు. "నీ సన్నిధినుండి నేనెక్కడికి పారిపోవుదును" అన్నచోట పిల్లలందరితో చేతులు చాచి చూపించమనేది. అదే చెప్పాను, "నువ్వే గదమ్మా నేర్పింది" అని.

"నేర్పాను. నేర్పడం వేరు, మీదికొస్తే వేరు" అంది.

ఆ తర్వాత కాట్పాడి దాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

కాట్పాడిలో ఆటోవాళ్ల సంగతి వెళ్లినవాళ్లందరికీ తెలుసు. ఎనిమిది కిలోమీటర్లకు నాలుగు వందలన్నాడు. మనిషి ఆయాసపడుతుంటే బేరం ఆడాలనిపించలేదు. పాలారు వంతెన దాటుతుంటే కింద చుక్క నీరు లేదు, ఆ కొసనుంచి ఈ కొసదాకా ఇసుకే. ప్రకాశం బ్యారేజీ చూసి పెరిగిన కళ్లకు అది నది అంటే నమ్మబుద్ధి కాలేదు. లాడ్జీలో రోజుకు ఏడు వందలు, గ్యాసు పొయ్యికీ గిన్నెలకూ అద్దె వేరే, బకెట్ వేడినీళ్లకు కూడా లెక్కే. వీధి బోర్డులు సగం బెంగాలీలో, కొన్ని హిందీలో, అక్కడక్కడా తెలుగులో. ఏ మెట్లమీద చూసినా చేతిలో ఎక్స్‌రే కవరుతో ఎవరో ఒకరు. జబ్బే ఊరైతే ఇలా ఉంటుందనిపించింది.

ఎకో, యాంజియో, రక్తపరీక్షలు, చివరికి పళ్ల డాక్టరు దగ్గర కూడా సంతకం. వాల్వు మార్చేముందు నోట్లో ఎక్కడా చీము ఉండకూడదట. అలా తొమ్మిది రోజులు గడిచాయి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, క్యూలు తప్ప.

ఒక సాయంత్రం మాత్రం గుర్తుంది. ఆసుపత్రి ఆవరణలో బెంచీమీద కూర్చుని అమ్మ నాకు ఐడా స్కడర్ కథ మళ్లీ చెప్పింది. మా ఇంట్లో అందరికీ తెలిసిన కథే. అమెరికా మిషనరీ డాక్టరు కూతురు ఆమె. తిండివనంలో తండ్రి దగ్గరున్నప్పుడు, ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టమై చావుబతుకుల్లో ఉన్నారు. ఐడాను రమ్మన్నారు. నాకు వైద్యం రాదు, నాన్నను తీసుకెళ్లండి అంది. మగ డాక్టరు ఆడవాళ్ల గదిలోకి రాకూడదన్నారు. తెల్లారేసరికి ముగ్గురూ పోయారు. ఆ తర్వాత ఆమె అమెరికా వెళ్లి వైద్యం చదివి, 1900లో తిరిగి వచ్చి, ఒక్క మంచంతో మొదలుపెట్టిందే ఈ ఆసుపత్రి, సీఎంసీ, అంటే క్రిస్టియన్ మెడికల్ కాలేజీ. 1918లో ఆడవాళ్లకు వైద్యవిద్య కూడా ఇక్కడే మొదలుపెట్టింది. మా గుంటూరులో డాక్టర్ ఆనా కుగ్లర్‌దీ ఇలాంటి దారే. 1883లో వచ్చి, 1898కల్లా ఆడవాళ్లకు ఆసుపత్రి నిలబెట్టింది. అమ్మ ఆమెను పుట్టింటి మనిషిలా తలుచుకుంటుంది.

చిన్నప్పుడు ఈ కథ వింటే ఐడా త్యాగమే కనిపించేది. ఆ సాయంత్రం నాకు ఆ మూడు తలుపులు కనిపించాయి. వైద్యం తెలిసిన తండ్రికి లోపలికి వెళ్లే వీల్లేదు. వీలున్న కూతురికి వైద్యం తెలియదు. లోపల ముగ్గురు ఆడవాళ్లు, ఎవరి చెయ్యీ అందకుండా. అమ్మ చెప్పడం ముగించి లేచింది. నేను మాత్రం ఆ తలుపుల దగ్గరే ఆగిపోయాను.

ఆపరేషన్ గురువారం. పొద్దున్నే ఆరున్నరకు వచ్చి తీసుకెళ్లారు. గాజులు తీసేశారు, చెవి కమ్మలు తీసేశారు, కట్టుడు పళ్లు తీసి డబ్బాలో పెట్టించారు. నాన్న పెట్టిన ఉంగరం వేలు వాచి రాకపోతే సబ్బునీళ్లు పోసి తీశారు. ఒక్కొక్కటీ నా చేతికొచ్చింది. చివరికి దిండు కింద ఉన్న చిన్న బైబిలు. "ఇది కూడానా?" అంది అమ్మ. నర్సుకు తెలుగు రాదు, మలయాళీ అమ్మాయి. అయినా ఏం అడిగిందో అర్థమైనట్టుంది. అమ్మ చేతిలోంచి మెల్లగా తీసుకుని, కళ్లకద్దుకుని, నాకిచ్చింది.

స్ట్రెచర్ తోసుకెళ్తుంటే పక్కన నడిచాను. వరండా చివర రెండు రెక్కల తలుపు. అక్కడ ఆపేశారు. పేషంటు మనుషులు ఇక్కడిదాకే. అమ్మ నా వేళ్లు వదల్లేదు.

"నువ్వెక్కడుంటావు?" అంది.

"ఇక్కడే అమ్మా, ఈ తలుపు బయటే."

తలుపు మూసుకుంది.

నాకు పదేళ్లప్పుడు టైఫాయిడ్ వస్తే అమ్మ ఇరవై రోజులు నా మంచం దిగలేదు. ఇప్పుడు ఆమె ఒళ్లు కోసేటప్పుడు నేను ముప్పై అడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి. తలుపులోకి తొంగి చూడ్డానికి కూడా లేదు. నా దగ్గర గాజులున్నాయి, పళ్లున్నాయి, ఉంగరం ఉంది. అమ్మ లేదు. అంత ఒంటరితనం నాన్న పోయిన రోజున కూడా నాకు తెలియదు. ఆ రోజు ఇంటినిండా జనం ఉన్నారు.

పక్క కుర్చీలో ఒకావిడ, నలభై ఐదేళ్లుంటాయి. మిజోరాం అని చేతిలో ఉన్న ఫైలు చూస్తే తెలిసింది, ఐజ్వాల్ అని రాసుంది. లోపల కొడుకు. పంతొమ్మిదేళ్లని వేళ్లతో చూపించింది. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు కొంచెం, హిందీ ఇంకా కొంచెం. నాకు మిజో ఒక్క ముక్క రాదు. కాసేపు ఇద్దరం గోడ గడియారం చూశాం. తొమ్మిదయింది. తొమ్మిదీ పదయింది.

అమ్మ బైబిలు తెరిచాను. చదువుదామని కాదు, చేతులు ఊరికే ఉండలేక. అది ఎక్కువసార్లు తెరిచిన చోటే తెరుచుకుంది. నూట ముప్పైతొమ్మిది. ఆవిడ వంగి చూసింది. తెలుగు అక్షరాలు ఆమెకు ఏం అర్థమవుతాయి? కానీ పైన 139 అని అంకె ఉంది గదా. ఆ అంకెమీద వేలు పెట్టి నా మొహంలోకి చూసింది. సంచిలోంచి తన బైబిలు తీసింది. మిజో వాళ్లు ఇంగ్లీషు లిపిలోనే రాసుకుంటారు. కీర్తనలను వాళ్లు సామ్ అంటారట. గబగబా తిప్పి అదే అంకె దగ్గర ఆపి నాకు చూపించింది. ఏడో వచనం మీద వేలు పెట్టాను. తనూ ఏడో వచనం మీద వేలు పెట్టింది. నేను తెలుగులో చదివాను, తను మిజోలో చదివింది, ఒక్కో వచనం, గొంతు పైకి లేవకుండా. "నేను ఆకాశమునకెక్కినను నీవు అక్కడను ఉన్నావు." నాకు అర్థమైన మాటలు ఒకటో రెండో, లాల్‌పా అంటే ప్రభువట. మిగతాది ఎక్కడికొచ్చామో అంకెలే చెప్పాయి.

పన్నెండో వచనం దగ్గర నేను ఆగిపోయాను. "చీకటియైనను నీకు చీకటి కాకపోవును."

ఈ కీర్తన నేను ఎన్ని వందలసార్లు చదివి ఉంటానో. ఎప్పుడు చదివినా నా గురించే చదువుకున్నాను. హాస్టల్లో ఒంటరిగా ఉన్నప్పుడు, మొదటి ఉద్యోగానికి తెలియని ఊరు వెళ్లినప్పుడు, నేనెక్కడున్నా నాతో ఉంటాడని. అది నిజమే, దానితోనే ఇంతదూరం వచ్చాను. కానీ ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు కావలసింది నా పక్కన ఆయన ఉండడం కాదు. నేను వెళ్లలేని గదిలో ఆయన ఉండాలి. ఆ రెండు రెక్కల తలుపు ఆయనకు తలుపు కాకూడదు. దేవుడు అంతటా ఉన్నాడని మనం చిన్నప్పటి నుంచీ చెప్పుకునే మాటలో ఇంత ఉందని, నేను బయట ఆగిపోయినచోట ఆయన ఆగడని, నాకు నలభై రెండేళ్లకు తెలిసింది. అంతసేపూ గట్టిగా పట్టుకుని ఉన్న ఉంగరాన్ని అప్పుడు సంచిలో పెట్టాను. అరచేతిలో అచ్చు పడింది.

ఒంటిగంట దాటాక పేరు పిలిచారు. వాల్వు మార్చారు, గుండె తిరిగి కొట్టుకుంటోంది, ఐసీయూకి మార్చాం అన్నారు. నేను ఏడుస్తుంటే ఆవిడ లేచి నన్ను పట్టుకుంది. ఆమె కొడుకు ఇంకా లోపలే ఉన్నాడు. ఆ సంగతి నాకు లాడ్జీకొచ్చి మొహం కడుక్కున్నాక గానీ తట్టలేదు. మర్నాడు వెళ్లి చూస్తే ఆ కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. ఎవరిని అడగాలో తెలియలేదు. పేరు కూడా అడిగి ఉంచుకోలేదు.

అమ్మ వార్డులోకొచ్చిన మూడో రోజు అడిగాను, లోపల భయమేసిందా అని.

"తలుపు దాటాక చల్లగా ఉంది. పైన పెద్ద లైట్లు. కీర్తన మొదలుపెట్టాను గానీ రెండో మాట దగ్గరే మర్చిపోయాను. ఆ తర్వాత ఏమీ తెలియదు" అంది. కాసేపాగి, "పూర్తి చెయ్యలేకపోయానే" అంది, తప్పు చేసినట్టు.

బయట మేమిద్దరం పూర్తి చేశామని చెప్పాను. రెండు భాషల్లో చేశామని చెప్పాను. అమ్మ చాలాసేపు నావైపే చూసింది. బైబిల్లో యాకోబు రాయి తలకింద పెట్టుకుని పడుకున్న కథ గుర్తు చేసింది. నిద్ర లేచాక గదా, దేవుడు ఈ చోటే ఉన్నాడు, నాకే తెలియలేదు అంటాడు. "నేనూ అంతేనే. నిద్రలోనే ఉన్నాను" అంది.

తిరుగు ప్రయాణంలో అమ్మ పడుకుంది. ఏడాది తర్వాత వెల్లకిలా పడుకోవడం అదే మొదలు. చీరాలలో లేపబోతే, "ఇంకాసేపు పడుకోనివ్వవే" అంది.

ఇంటికొచ్చాక బైబిలు తిరగేస్తూ అమ్మ నన్ను పిలిచింది. కీర్తన పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో ఇంగ్లీషు అక్షరాల్లో రెండు లైన్లు. ఆవిడ ఎప్పుడు రాసిందో నేను చూడలేదు, నన్ను పిలిచినప్పుడు బైబిలు కుర్చీలో వదిలి పరిగెత్తానేమో. "ఏం రాసిందే?" అంది అమ్మ. తెలియదన్నాను. ఎవరి చేతనైనా చదివిద్దామంటే వద్దంది.

అప్పటినుంచి మా ఇంట్లో రాత్రి ప్రార్థనలో తమ్ముడి పేరు తర్వాత ఇంకొకటి వస్తుంది. అమ్మకు ఐజ్వాల్ అనడం సరిగా రాదు. "ఐజాల్‌లో ఆ పిల్లాడు, వాళ్లమ్మ" అంటుంది.