ఎతియెన్ కపూకి రావాల్సిన పేరు రాలేదు

ఫ్రాన్స్ ఫుట్‌బాల్‌లో డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్లు, అంటే డిఫెన్స్‌కి ముందు నిలబడి ఎదుటి జట్టు దాడిని ఆపేవాళ్లు, అనగానే అందరూ మెకలెలె, కాంటే పేర్లు చెబుతారు. వాళ్లు గొప్పవాళ్లే, కాదనను. కానీ నేను ఇష్టపడి, పనిగట్టుకుని మ్యాచ్‌లు చూసింది ఎతియెన్ కపూ కోసం. జాతీయ జట్టుకు అతను ఆడింది ఏడే ఏడు మ్యాచ్‌లు, అవీ 2012, 2013లలోనే. ఆ తర్వాత పోగ్బా, మతుయిది, కాంటే ఆ స్థానాల్లో పాతుకుపోయారు. కపూకి మళ్లీ ఆ జెర్సీ వేసుకునే అవకాశం రాలేదు.

పేరు తెచ్చుకున్నది ఫ్రెంచ్ క్లబ్ తులూజ్‌లో. 2013లో ఇంగ్లండ్ క్లబ్ టాటెన్‌హామ్ కొనుక్కుంది. తమ స్టార్ గారెత్ బేల్‌ను అమ్మిన ఆ వేసవిలో క్లబ్ ఒకేసారి ఏడుగురిని తెచ్చింది, ఆ గుంపులో ఇతనొకడు. మొదట్లోనే చీలమండ గాయం. కోలుకున్నాక కూడా కుదురుగా ఒక స్థానం దొరకలేదు. ఆ డిసెంబర్‌లో లివర్‌పూల్ చేతిలో 0-5తో ఓడిన మ్యాచ్‌లో అతన్ని సెంటర్ బ్యాక్‌గా, అంటే డిఫెన్స్ మధ్యలో, ఆడించారు! మిడ్‌ఫీల్డర్‌ను అలా వాడితే అతని ఆట ఎవరికి కనిపిస్తుంది? 2015లో మరో ఇంగ్లండ్ క్లబ్ వాట్‌ఫర్డ్ చేరాకే ఊపిరి తీసుకున్నాడు. 2020 ఫిబ్రవరిలో, ప్రీమియర్ లీగ్‌లో 44 మ్యాచ్‌లుగా ఓటమి లేని లివర్‌పూల్‌ను వాట్‌ఫర్డ్ 3-0తో ఓడించినప్పుడు మిడ్‌ఫీల్డ్‌లో ఉన్నది డూకూరే, హ్యూజ్, కపూ.

అతని ఆటలో నాకు బాగా నచ్చేది బంతి అందుకునే తీరు. ఆరడుగులు దాటిన మనిషి, పొడుగు కాళ్లు. వెనక నుంచి ఒకడు మీదికొస్తున్నాడని తెలిసినా కంగారుపడి డిఫెండర్‌కి తిరిగి పాస్ ఇచ్చేయడు. ఒళ్లు అడ్డం పెట్టి, వచ్చినవాణ్ణి దగ్గరికి రానిచ్చి, ఆఖరి క్షణంలో అటు తిరిగిపోతాడు. అంతే, ప్రెస్ చేయడానికి, అంటే మీదపడి బంతి లాక్కోవడానికి, వచ్చినవాడు ఆటలో లేనట్టే. ముందున్న జాగా అంతా కపూదే. ట్యాక్లింగ్‌లోనూ తొందర ఉండదు. ఇక బంతి పోయినట్టే అని మనం అనుకునేసరికి ఎక్కడినుంచో ఆ కాలు వస్తుంది. పరుగులో మెరుపు వేగం లేదు నిజమే, దాన్ని ఎక్కడ నిలబడాలో తెలిసిన బుర్రతో సరిచేసుకున్నాడు.

2021 జనవరిలో కోచ్ ఉనాయ్ ఎమెరీ అతన్ని స్పెయిన్ క్లబ్ విల్లారియల్‌కి తీసుకున్నాడు. మిడ్‌ఫీల్డ్‌లో పక్కన డానీ పరేఖో. పరేఖో తీరిగ్గా తలెత్తి పాస్‌లు వేయగలిగాడంటే, చుట్టూ జాగా కాపాడింది ఎక్కువగా కపూనే అని నా నమ్మకం. అదే ఏడాది మేలో పోలండ్‌లోని గ్దాన్స్క్‌లో యూరోపా లీగ్ ఫైనల్. ఎదురుగా పోగ్బా, బ్రూనో ఫెర్నాండెజ్ ఉన్న మాంచెస్టర్ యునైటెడ్. 1-1తో ముగిసిన ఆట పెనాల్టీలకు వెళ్లి 11-10తో విల్లారియల్ గెలిచింది. ఆ క్లబ్‌కి అదే మొదటి పెద్ద ట్రోఫీ. ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ మాత్రం గోల్ కొట్టిన మొరెనో కాదు, కపూ.

అయినా అతన్ని చూడనివాళ్లకి నేను చూపించేది ఆ ఫైనల్ కాదు. 2022 మేలో లివర్‌పూల్‌తో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో లెగ్ (రెండు మ్యాచ్‌ల పోరులో రెండోది), అందులోనూ మొదటి సగం. మొదటి లెగ్‌లో, లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో 0-2తో ఓడి వచ్చిన జట్టు విల్లారియల్. మూడో నిమిషంలోనే ఎస్తుపిన్యాన్ ఎడమవైపు నుంచి గోల్ ముందుకు క్రాస్ వేస్తే, బంతి అందరినీ దాటి దూరపు పోస్టు వైపు వచ్చింది. అక్కడ ఉన్నది కపూ! డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌కి అక్కడేం పని? బంతిని మళ్లీ గోల్ ముందుకు తోశాడు, బులాయె డియా కొట్టేశాడు. 41వ నిమిషంలో కుడివైపు నుంచి కపూనే క్రాస్ వేస్తే కొక్లాన్ తలతో కొట్టాడు. రెండు లెగ్‌లూ కలిపి స్కోరు 2-2. కొక్లాన్ కూడా ఫ్రెంచ్ డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డరే, అతని గురించీ ఇంకోసారి రాయాలి.

రెండో సగంలో లివర్‌పూల్ తరఫున లూయిస్ డియాజ్ దిగాక కథ మారింది. లివర్‌పూల్ మూడు గోల్స్ కొట్టింది, ఆఖర్లో కపూ రెండో పసుపు కార్డుతో బయటికి వెళ్లాడు. హైలైట్స్‌లో ఆ కార్డు కనబడుతుంది. వీలుంటే ఆ మొదటి 45 నిమిషాలు పూర్తిగా పెట్టుకోండి, బంతిని వదిలేసి కపూనే చూడండి.