ల్యాప్‌టాప్‌లో పుట్టిన మాటలు

మొన్న సొరుగు సర్దుతుంటే పాత నోకియా ఎన్800 బయటపడింది, బ్యాటరీ ఉబ్బిపోయి వెనక మూత కూడా సరిగ్గా పట్టట్లేదు. దాన్ని చూస్తే 2008లో బెంగళూరు బీటీఎం లేఅవుట్ పీజీలో తగలేసిన రెండు వీకెండ్లు గుర్తొస్తాయి, ఆ కథ ఎప్పటినుంచో రాద్దామనుకుంటున్నా.

తెలియనివాళ్ళకి చెప్తా, ఎన్800 ఫోన్ కాదు. 2007లో వచ్చింది, నోకియా వాళ్ళు ఇంటర్నెట్ టాబ్లెట్ అనేవాళ్ళు. 800×480 స్క్రీన్, 128 ఎంబీ ర్యామ్, ఆర్మ్ ప్రాసెసర్, డెబియన్ మీద కట్టిన మేమో అనే లైనక్స్. మా బావ అమెరికా నుంచి వస్తూ తెచ్చిచ్చాడు. రూమ్మేట్ అటూ ఇటూ తిప్పి చూసి "సిమ్ ఎక్కడ పెట్టాలి మామా" అన్నాడు. సిమ్ ఉండదురా అంటే "మరి దీంతో ఏం చేస్తావ్?" అన్నాడు, నిజంగానే నా దగ్గర సమాధానం లేదు. ఆఫీసులో ఒక సీనియర్ మాత్రం "ఇట్లాంటిది మన ఊళ్ళోనే ఎప్పుడో చేశారు కదయ్యా" అని సింప్యూటర్ అనే చేతి కంప్యూటర్ సంగతి చెప్పాడు. ఐఐఎస్సీ ప్రొఫెసర్లూ ఎన్‌కోర్ కంపెనీ వాళ్ళూ కలిసి చేసింది, 2001లో నమూనా, 2004లో అమిడా పేరుతో అమ్మకానికి వచ్చింది, అందులోనూ ఆర్మ్ జాతి చిప్పే, 206 మెగాహెర్ట్జ్, పైన లైనక్స్. అది విన్నాక నాకూ పౌరుషం వచ్చింది.

కాలేజీలో ఉండగా నేను ఫోర్త్ అనే పాత ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ లాంటి చిన్న లాంగ్వేజ్ ఒకటి సీలో రాసుకున్నా. ఫోర్త్‌లో అంకెలు ముందు, చెయ్యాల్సిన పని చివర. అచ్చం తెలుగు వాక్యమే కదా! 2 3 కలుపు చూపించు అని కొడితే 5 వస్తుంది. ఇంగ్లీష్ వాళ్ళకి ఇది తలకిందులుగా అనిపిస్తుందేమో గానీ మనం పుట్టినప్పటినుంచీ క్రియని చివర్లోనే పెడుతున్నాం. ఒకటే చిక్కు, పాత ఫోర్త్‌లలో మాట పొడవు 31 బైట్లకి మించకూడదు, యూటీఎఫ్-8లో, అంటే అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతిలో, తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, అంటే పది గుర్తులతో సరి, గుణింతాలు వత్తులు కూడా అందులో లెక్కే. దాన్ని 255కి పెంచేశా.

ఈ లాంగ్వేజ్‌నే ఎన్800లో నడిపిద్దామనుకున్నా. అలా పోర్ట్ చెయ్యడం అంటే భయపడ్డా గానీ కంపైల్ అవ్వడం గంటలో అయిపోయింది. మేమోకి స్క్రాచ్‌బాక్స్ అని ఒకటుంది, ల్యాప్‌టాప్ మీదే కూర్చుని ఆర్మ్‌కి బిల్డ్ చేసుకోవచ్చు, అందులో రెండు టార్గెట్లు, ఒకటి ఎక్స్86, అంటే ల్యాప్‌టాప్ రకం చిప్, ఒకటి ఆర్మ్, అంటే ఎన్800 రకం. నేను బద్ధకం కొద్దీ టెస్టులన్నీ ఎక్స్86లోనే నడిపి అన్నీ పాసైపోయాయని మురిసిపోయి ప్యాకేజీ కట్టి ఎక్కించా.

ఫైల్ ఇచ్చి రన్ చేస్తే ఆగదు. డివైస్ వేడెక్కిపోతోంది, బ్యాటరీ దిగిపోతోంది. సీలో ఒక్కో బైట్‌ని చదివే గెట్‌క్యార్ తెచ్చిచ్చేదాన్ని క్యార్‌లో, అంటే ఒక్క బైట్ పట్టే గడిలో, పెట్టుకుని అది ఫైల్ చివరి గుర్తు, అంటే -1, అవునా కాదా అని చూస్తున్నా, ఎప్పటికీ అవ్వట్లేదు. ఆ పోలిక ఎప్పుడూ ఒకేలా ఉంటుందిరా బాబూ అని కంపైలర్ వార్నింగ్ కూడా ఇచ్చింది పాపం, స్క్రోల్ అయిపోతుంటే ఎవడు చూస్తాడు. క్యార్‌ని ఇంట్, అంటే ఇంకా పెద్ద గడి, చేశా, ఆగింది. ఎందుకు ఆగిందో ఆలోచించకుండా మెస్‌కి వెళ్ళి గోంగూర పప్పు తినొచ్చా. తప్పు అక్కడే చేశా.

తర్వాత అసలు తమాషా మొదలైంది. నా లాంగ్వేజ్‌లో మాటల నిఘంటువు మొత్తాన్ని ఒక ఇమేజ్ ఫైల్‌గా దాచుకునే పద్ధతి ఉంది, ల్యాప్‌టాప్‌లో తయారుచేసిన ఇమేజ్‌ని తీసుకెళ్ళి ఎన్800లో పెట్టా. రెండూ 32 బిట్, రెండూ లిటిల్ ఎండియన్, అంటే అంకె బైట్లని దాచే వరుస కూడా ఒకటే, ఇబ్బంది ఉండకూడదు. డూప్, స్వాప్ లాంటి ఇంగ్లీష్ పేర్లు పనిచేస్తున్నాయి. కలుపు అంటే మాత్రం "తెలియని మాట" అంటోంది. ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో వెళ్ళి అక్కడికక్కడ రెట్టింపు అనే మాట కొత్తగా చెప్పి 21 రెట్టింపు చూపించు అంటే 42 వచ్చింది. చూపించు కూడా మళ్ళీ చెప్పుకోవాల్సొచ్చింది లెండి. అంటే ల్యాప్‌టాప్‌లో పుట్టిన తెలుగు మాటలు దానికి తెలియవు, దాని ఒళ్ళో పుట్టినవి తెలుసు!

లొకేల్ అనుకున్నా, ఫాంట్ అనుకున్నా, కీబోర్డు సాఫ్ట్‌వేర్ కంటికి కనపడని గుర్తేదో ఇరికిస్తోందనుకుని బైట్లన్నీ పేపర్ మీద రాసి పోల్చా. అన్నీ ఒకటే. రెండో ఆదివారం సాయంత్రం విసుగొచ్చి, మాటని వెతకడానికి దాని బైట్లన్నీ కలిపి కట్టే హ్యాష్ నంబర్‌ని రెండు చోట్లా ప్రింట్ చేయించా. ఇంగ్లీష్ అక్షరాల్లో అమ్మకి రెండు చోట్లా ఒకటే నంబర్, తెలుగు అమ్మకి వేరువేరు.

అప్పుడు తట్టింది. అ అనే అక్షరం మూడు బైట్లు, 224, 176, 133. ఎక్స్86లో మామూలు క్యార్ సైన్డ్, అంటే -128 నుంచి 127 దాకా, అందుకని అవే బైట్లు అక్కడ -32, -80, -123 అయిపోతాయి. ఆర్మ్ లైనక్స్‌లో క్యార్ అన్‌సైన్డ్, 0 నుంచి 255 దాకా, అందుకే హ్యాష్ వేరే వచ్చింది. సీ స్టాండర్డ్ దీన్ని కంపైలర్ చేసేవాళ్ళ ఇష్టానికి వదిలేసింది. మొదటి ఆర్మ్ చిప్పుల్లో బైట్‌ని సైన్‌తో సహా లోడ్ చేసే ఇన్‌స్ట్రక్షనే లేదు, ఆర్మ్ వీ4లో గానీ రాలేదు, కాబట్టి అన్‌సైన్డే వాళ్ళకి చవక. ఇంగ్లీష్ అక్షరాలు 127 దాటవు గనక వాటికి ఈ గొడవే అంటదు. ఫైల్ చివర ఆగకపోవడానికి కారణం కూడా ఇదే, అన్‌సైన్డ్‌లో -1 పట్టదు, నేను మొదటి రోజే చూసి వదిలేసిన క్యారే.

కంపైలర్‌కి ఒక ఫ్లాగ్ ఇస్తే ఆర్మ్‌లోనూ సైన్డ్ అయిపోతుంది, చాలామంది అదే చేస్తారు. నాకు మనసొప్పలేదు, రేపు ఆ ఫ్లాగ్ మర్చిపోతే మళ్ళీ ఇదే కదా. హ్యాష్ ఫంక్షన్‌లో ఒక్కచోట అన్‌సైన్డ్ అని రాసి ఇమేజ్ మళ్ళీ కట్టా. కలుపు పనిచేసింది. ఎన్800 టెర్మినల్‌లో వత్తులు చెల్లాచెదురుగా పడుతున్నా లెక్క మాత్రం కరెక్ట్. రూమ్మేట్‌ని నిద్రలేపి చూపిస్తే "రెండూ మూడూ ఐదని చెప్పడానికి రెండు వారాలా మామా" అని మళ్ళీ ముసుగు తన్నాడు.

ఆ ఇమేజ్ ఫైల్ ఇంకా నా బ్యాకప్‌లో ఉంది. పోయిన వారం ఇంటర్‌ప్రెటర్‌ని ఇప్పటి ఫోన్‌లో కంపైల్ చేసి దాన్ని ఇచ్చి చూశా, ఇదీ ఆర్మే కదా అని. తెరుచుకోలేదు. ఫోన్ 64 బిట్, నేను ప్రతి సెల్లూ, అంటే అంకె పెట్టుకునే గడి, 4 బైట్లని అప్పట్లో నేరుగా రాసిపడేశా. ఈసారి వార్నింగ్స్ అన్నీ చదువుతున్నా, ఇప్పటికి 140 ఉన్నాయి.