సిద్దప్ప లేడంట

“నాన్నా, సిద్దప్ప అనేవాడు లేడంట.”

పోయిన శనివారం స్నేహితురాలి ఇంటి నుంచి వచ్చిన మా అమ్మాయి, బూట్లయినా విప్పకుండా గుమ్మంలో నిలబడి అన్న మాట ఇది. దానికి తొమ్మిదేళ్లు. ఆ ఇంట్లో స్నేహితురాలి అన్న సోల్‌కాలిబర్ ఆట ఆరో భాగం ఆడుతున్నాడట. తెర మీద ఇనుప కవచం తొడుక్కుని, తన ఎత్తు కత్తి భుజాన వేసుకున్న మనిషి కనబడగానే మా అమ్మాయి సంతోషం పట్టలేక “సిద్దప్ప!” అని కేక వేసిందట. వాళ్లు నవ్వి, అతని పేరు సీగ్‌ఫ్రీడ్ అనీ, జర్మనీవాడనీ, కర్నూలు పేరే ఎన్నడూ విని ఉండడనీ చెప్పారట.

“అయితే మద్దిలేటి కూడా లేడా? డాలక్క?” అని అడిగింది. నేను అన్నం పొయ్యి మీద పెట్టాలన్న నెపంతో వంటింట్లోకి జారుకున్నాను. మా ఇంట్లో అన్నం కుక్కర్ కరెంటుతో పనిచేస్తుందని దానికి తెలుసు.

జరిగింది చెప్పాలంటే 1999 నాటి కర్నూలుకు పోవాలి. పాతబస్తీలో, కొండారెడ్డి బురుజు నుంచి నడిచి పోగలిగిన దూరంలో, ఒక ఇరుకు గదిలో రెండు టీవీలూ రెండు ప్లేస్టేషన్లూ పెట్టుకుని ఒకాయన వీడియో గేముల కొట్టు నడిపేవాడు. అరగంటకు ఐదు రూపాయలు. ఆ యంత్రాలు అప్పటికే ఎంత అలిసిపోయి ఉండేవంటే, డిస్కు చదవక మొరాయించినప్పుడల్లా వాటిని తలకిందులుగా తిప్పి పెట్టేవారు. అలా తిప్పితే చదివేవి. కొట్టు లోపలికి వచ్చిన కొత్త పిల్లలు బోర్లా పడి ఉన్న ఆ బూడిదరంగు పెట్టెను చూసి, దాన్ని తయారుచేసిన తీరే అంత అనుకునేవారు. వేడెక్కకుండా పక్కన టేబుల్ ఫ్యాను ఒకటి ఉండేది. దాని గాలి పెట్టెకే గాని, గోడకు ఆనుకుని చెమటలు కక్కుతూ వంతు కోసం చూస్తున్న మాకు కాదు.

మేము ఆడినది సోల్ బ్లేడ్. నామ్‌కో అనే జపాన్ సంస్థ తయారుచేసిన ఆట అది. మొదట ఆర్కేడ్ యంత్రాల మీదికీ, 1996 డిసెంబరులో జపాన్‌లో ప్లేస్టేషన్ మీదికీ సోల్ ఎడ్జ్ పేరుతో వచ్చి, బయటి దేశాల్లో ఈ పేరు పెట్టుకుంది. ఇప్పుడు పిల్లలు ఆడే సోల్‌కాలిబర్ దీని కొనసాగింపే. ఈ సంగతులన్నీ నేను ఉద్యోగానికి వచ్చాక, ఇక్కడ ఒక చలికాలపు రాత్రి నిద్ర పట్టక చదివి తెలుసుకున్నవి. అప్పట్లో మాకు తెలిసినదల్లా ఆ ఆటలో ఉత్త చేతులతో గుద్దుకోరనీ, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఆయుధం ఉంటుందనీ మాత్రమే.

తెర మీద పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కనబడి, మేము కూడబలుక్కునే లోపలే మాయమయ్యేవి. వంతు చెప్పుకోవడానికేమో పేరు కావాలి. అందువల్ల సీగ్‌ఫ్రీడ్ మా నోట సిద్దప్ప అయ్యాడు. మిత్సురుగి అనే సమురాయ్ మద్దిలేటి అయ్యాడు. కర్నూలు జిల్లాలో మ అక్షరంతో మొదలై మూతికి అందని పేరు ఏది విన్నా మద్దిలేటి అనడం కన్నా సహజమైనది మరొకటి లేదు. చిన్నకత్తీ డాలూ పట్టుకున్న సోఫిటియా డాలక్క. నేల మీద వెల్లకిలా పాకుతూ వచ్చే వోల్డో పురుగు. బొత్తాలు నాలుగు, వాటికి మా మాటలు నాలుగు: అడ్డం, నిలువు, తన్ను, కాచు. నాలుగు గంటలకు కరెంటు పోతే “ఇది ఏ కోతరా, అడ్డమా నిలువా” అని ఎవరో ఒకరు అనేవారు, రోజూ అదే మాటకు అందరమూ నవ్వేవాళ్లము. కరెంటు పోయిన నిమిషాలను అరగంటలో కలపాలా వద్దా అన్న తగాదా మాత్రం నవ్వుతో తెగేది కాదు.

ఆ ఆటలో మిగతా వాటిలో లేని ఒక మెలిక ఉంది. మనిషి ప్రాణానికి ఒక గీత ఉన్నట్టే, చేతిలోని ఆయుధానికి కూడా ఒక గీత ఉంటుంది. ఎదుటివాడి దెబ్బను కాచుకున్న ప్రతిసారీ మన ఆయుధపు గీత తరుగుతుంది. మరీ కాచుకుంటూ పోతే ఆయుధం చేయి జారిపోతుంది, ఇక ఉత్త చేతులతో కొట్లాడవలసిందే. నేను పిరికి ఆటగాణ్ని. సిద్దప్పను తీసుకుని, అంత పెద్ద కత్తి చేతిలో పెట్టుకుని, కాచు బొత్తాం మీద నుంచి బొటనవేలు తీయకుండా నిలబడేవాణ్ని. అందువల్ల కత్తి పోగొట్టుకున్న సిద్దప్పను కొట్టు మొత్తంలో అందరికన్నా ఎక్కువ సార్లు ఆడినవాణ్ని నేనే.

అటువంటి ఒకానొక సాయంకాలం మా నాయన నన్ను వెతుక్కుంటూ వచ్చి నా వెనుక నిలబడ్డాడు. నాకు తెలియలేదు. సిద్దప్ప కత్తి పోయింది, వాడు పిడికిళ్లు బిగించి అలాగే నిలుచున్నాడు. వెనుక నుంచి ఆయన గొంతు వినబడింది.

“కత్తి పోయినాక ఇంటికి పోవాల గదరా, ఆడ్నే నిలబడేదేంది?”

ఆయన కేక వేయలేదు. చెవి పట్టుకోలేదు. కొట్టాయనకు నా బాకీ ఎంతో అడిగి ఇచ్చేసి, “పోదాం పా” అన్నాడు. దారిలో ఉగ్గాని, బజ్జీ ఇప్పించాడు కూడా. అంత శాంతంగా ఉండడమే నాకు భయమేసింది. మా నాయన పుట్టిన పల్లె అప్పట్లో ఎటువంటి పల్లెనో, ఆయన పాతికేళ్లు నిండకముందే అక్కడి పొలం వదిలేసి కర్నూలుకు ఎందుకు వచ్చాడో నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, అదీ ఆయన నోటి నుంచి కాదు. వేటకొడవలి అనే మాట మా ఇంట్లో పలికేవారు కారు. దేవరగట్టులో దసరా రాత్రి జరిగే కర్రల సమరానికి పోతామని నా స్నేహితులు అడిగితే ఆయన ఒక్క ముక్కలో వద్దన్నాడు. ఆయనకు మా కొట్టు ఎలా కనబడి ఉంటుందో ఇప్పుడు ఊహించగలను. అప్పుడు మాత్రం చాదస్తం అనుకున్నాను.

ఇక మా అమ్మాయి విషయం. దానికి రాత్రిపూట కథలు చెప్పడం నా వంతు. మొదట్లో నేను పద్ధతిగా మొదలుపెట్టాను. తుంగభద్ర, హంద్రీ కలిసే చోటు, విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో కట్టిన కోట, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన సంగతి చెప్పేవాణ్ని. రాజధాని దగ్గరికి రాకముందే నిద్రపోయేది. నిద్రపుచ్చడానికే కథ చెబుతూ, అది నిద్రపోతే అవమానపడిన తండ్రిని బహుశా నేనొక్కణ్నే. ఒక రాత్రి పంతానికి పోయి, నిద్రపోనివ్వకూడదని సిద్దప్ప కథ ఎత్తుకున్నాను. కళ్లు విప్పింది. ఆ రాత్రి పదకొండు గంటలకు నా భార్య వచ్చి ఇద్దరినీ తిట్టింది.

ఆనాటి నుంచి మూడేళ్లు సిద్దప్ప మా ఇంట్లోనే ఉన్నాడు. అతని బరి కొండారెడ్డి బురుజు మీద ఉండేది, ఓడినవాడు తుంగభద్రలో పడేవాడు. బురుజుకూ నదికీ మధ్య ఎంత దూరముందో తెలిసినవారు నన్ను క్షమించాలి. ఎండాకాలంలో ఆ నదిలో పడేవాడికి నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ తగులుతుందన్న సంగతి కూడా నేను చెప్పలేదు. జపాన్ అనే మాట ఒక్కసారైనా నా నోట రాలేదు. దాచాలని కాదు, చెబితే ఎక్కడ దాని కళ్లలో వెలుగు తగ్గుతుందోనని.

నిరుడు ఇక్కడి మ్యూజియంలో ఆయుధాల గదికి పోయినప్పుడు అది ఒక అద్దాల పెట్టె ముందు ఆగి “నాన్నా, పురుగు కత్తి!” అని తెలుగులో అరిచింది. పిడికిట్లో అడ్డంగా పట్టుకుని పొడిచే కటారు అది. విజయనగర కాలం నుంచీ దక్షిణాదిలో వాడిన ఆయుధం. వోల్డో రెండు చేతులకూ ఉండేవి ఇవే. ఆటలో అతను ఇటలీవాడు, కాని చేతిలోనివి మన కటార్లు. ఆట కథ జరిగేది 16వ శతాబ్దంలో, మా కోట కట్టినదీ ఆ శతాబ్దంలోనే. ఇవన్నీ దానికి వివరించి, నా అబద్ధానికి చరిత్రే వచ్చి సాక్ష్యం చెప్పినట్టు పొంగిపోయాను. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అవకాశం దొరికేది కాదు. నేను దాన్ని మరో ఏడాది అబద్ధానికి అనుమతిగా తీసుకున్నాను.

ఆదివారాల్లో ఇక్కడ కొందరు పిల్లలకు నేను తెలుగు చెబుతాను. వారి తల్లిదండ్రులు సలహా అడిగితే, పద్యాలు బట్టీ పట్టించకండి, మీరు నిజంగా ఇష్టపడినదేదో అది చెప్పండి, భాష దాని వెంట వస్తుంది అని గంభీరంగా సెలవిచ్చేవాణ్ని. ఉదాహరణగా మా అమ్మాయినే చూపించేవాణ్ని. భాష వచ్చిన మాట నిజమే. బరి అంటే తెలుసు, డాలు తెలుసు, అడ్డకోత తెలుసు, “కాచుకో” అని తమ్ముడి మీద దిండు విసరడం తెలుసు. బుధవారం తర్వాత ఏ వారమంటే మాత్రం వేళ్లు లెక్కపెడుతుంది. ఆ మాటలతో అది ఎవరితో మాట్లాడుతుందన్న ఆలోచన ఆ శనివారం దాకా నాకు రాలేదు. నా ఒక్కడితోనే మాట్లాడుతుంది. ప్రపంచంలో ఇద్దరికే అర్థమయ్యే తెలుగు నేర్పి, దానికి మాతృభాష అని పేరు పెట్టాను.

నా మిగతా తప్పులూ ఇక్కడే ఒప్పుకుంటాను. పనిదినాల్లో వీడియో గేములు ఉండకూడదన్నది మా ఇంటి నియమం, పెట్టినవాణ్ని నేనే. కత్తుల ఆటలు కొనేది లేదన్నదీ నేనే. పిల్లలు పడుకున్నాక ధ్వని తగ్గించి అవే ఆడుకునేదీ నేనే. టిఫిను డబ్బులు దాచుకుని కొట్టుకు పోయేవాణ్నని దానికి చెప్పాను, చాలాసార్లు అవి మా నాయన చొక్కా జేబులోవి. దేవరగట్టు వీడియో ఒకటి ఫోనులో వస్తే, అది చూడబోయేలోపల ఫోను లాక్కున్నాను. కర్నూలులో నిజంగా కర్రలు పట్టుకునేవారిని దాచి, జపాన్‌లో బొమ్మగా పుట్టినవాణ్ని కర్నూలువాడని చూపించాను.

అన్నిటికన్నా నన్ను కుంగదీసినది వేరే ఉంది. స్నేహితురాలి అన్న దానికి ఇంకొక సంగతి చెప్పాడు. అసలు కథలో సీగ్‌ఫ్రీడ్ ఒక దొంగల ముఠాకు నాయకుడు. యుద్ధం నుంచి తిరిగి వస్తున్న యోధుల మీద చీకట్లో పడి, తెలియక తన సొంత తండ్రి తలనే నరుకుతాడు. చేసినది భరించలేక మతి చెడి, తండ్రిని చంపినవాడు ఇంకెవరో ఉన్నాడని నమ్ముకుని వాడి కోసం ఊళ్లు తిరుగుతాడు. నాకు ఇది తెలుసు. మా కథలో సిద్దప్ప సంతలో తప్పిపోయిన వాళ్ల నాన్నను వెతుక్కుంటూ తిరిగేవాడు, అంతే.

“నువ్వు నాన్న మంచిగా ఉండాలని మార్చావా?” అని అడిగింది, ఆ రాత్రి దుప్పటి కప్పుతుంటే.

“చిన్నపిల్లవని మార్చాను” అన్నాను.

“చిన్నపిల్లలకు నాన్నలు మంచిగా ఉంటారా?”

దానికి జవాబు నా దగ్గర లేదు. బొటనవేలు కాచు బొత్తాం మీద ఉన్నట్టే ఉంది. పడుకోమన్నాను.

మరునాడు ఆదివారం. మా నాయనకు ఫోను చేసే రోజు. ఆయనకు చెవులు సరిగా వినబడవు, మా అమ్మాయికి ఆయన యాస సగమే అర్థమవుతుంది, కాబట్టి వాళ్ల సంభాషణ మామూలుగా “తిన్నావా” దగ్గర మొదలై “తిన్నాను” దగ్గర ముగుస్తుంది. ఆ రోజు అది ఫోను నా చేతిలోంచి లాక్కుని, నేను ఆపేలోపల అడిగేసింది.

“తాతా, సిద్దప్ప ఉన్నాడా లేడా?”

తెర మీద ఆయన ముఖం కాసేపు కదలలేదు. నెట్ ఆగిందనుకున్నాను. తర్వాత కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నాడు.

“సిద్దప్పనా? ఉండె, ఉండె. కత్తి పోయినాక ఊరిడ్సిపెట్టి పోయినాడు.”

మా అమ్మాయి గెలిచినదానిలా నా వైపు తిరిగి చూసింది. ఆయనకు ఆ కొట్టు, ఆ సాయంకాలం, నా వెనుక నిలబడి చూసిన ఆ బొమ్మ గుర్తున్నాయేమోనని ముందు అనుకున్నాను. కాని ఆ కొట్టులో మేము సిద్దప్ప అని పిలిచేవాళ్లమని ఆయనకు ఎవరూ చెప్పలేదు, నేనైతే చెప్పలేదు. ఆయన పల్లెలో ఆ పేరు గలవాడు ఒకడు నిజంగానే ఉండేవాడేమో. లేక ఊరు వదిలి వచ్చిన ఆయన తన గురించే చెప్పుకున్నాడేమో.

“యాడికి పోయినాడు తాతా?” అని అది మళ్లీ అడుగుతోంది, తాత యాసలోనే. నేను ఫోను తీసుకోలేదు.