నన్ను చూడని గుడ్లగూబ

బట్టతో బొమ్మలు కుట్టడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటే గానీ, వాటికి వెలిగే కళ్ళు పెట్టాలన్న ఆలోచన మా అక్క కూతురు అడిగేదాకా నాకు రాలేదు. రాత్రిళ్ళు తన మంచం పక్కన కాపలా కూర్చునే గుడ్లగూబ కావాలని, చీకట్లో దాని కళ్ళు వెలుగుతూ ఉండాలని తను షరతు పెట్టింది. గుడ్లగూబను కుట్టడానికి వారం రోజులు, కళ్ళకు ఒక సాయంత్రం చాలని లెక్క వేసుకుని ఒప్పుకున్నాను. వారంలో గుడ్లగూబ సిద్ధమైంది. కళ్ళకు మాత్రం నాలుగు నెలలు పట్టింది. ఈలోగా మూడు జతలు చెత్తబుట్టలోకి వెళ్ళాయి.

మొదటి జతలో చెప్పుకోదగ్గ పనితనం ఏమీ లేదు. ముఖంలో రెండు రంధ్రాలు చేసి, వాటిలోంచి 5 మిల్లీమీటర్ల తెల్ల ఎల్‌ఈడీలు రెండు బయటికి తొంగిచూసేలా పెట్టి, వాటిని నేరుగా ఒక సీఆర్ 2032 బటన్ సెల్‌కు కలిపాను. కరెంటును తగ్గించే రెసిస్టర్ అనే భాగాన్ని పెట్టలేదు. ఆ సెల్ లోపలి నిరోధకతే కరెంటును కొంత అదుపులో ఉంచుతుంది కాబట్టి అప్పటికప్పుడు ఏమీ కాలిపోదు. నా అజ్ఞానానికి అదే అండగా నిలిచింది. అయితే తెల్ల ఎల్‌ఈడీ సరిగ్గా వెలగాలంటే దాదాపు 3 వోల్టులు కావాలి, సెల్ ఇచ్చేదీ 3 వోల్టులే. అంటే కొత్త సెల్‌లో కూడా మిగులు ఏమీ లేదు, కొంచెం అరిగిందంటే వెలుగు పడిపోతుంది. మూడో రాత్రికే కళ్ళు మసకబారాయి, అదీ రెండూ సమానంగా కాదు. అంతకంటే పెద్ద లోపాన్ని మొదటి రాత్రే మా అక్క కూతురు పట్టేసింది: "పిన్నీ, ఇది నన్ను చూడట్లేదు."

నిజమే. అది ఎవరినీ చూడటం లేదు. టీవీ కట్టేసినా దాని అడుగున వెలుగుతూ ఉండే చిన్న దీపానికీ, నా గుడ్లగూబ కంటికీ తేడా లేదు. ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది ఏమిటంటే, గుడ్లగూబ కంటిలో గానీ, పిల్లి కంటిలో గానీ దీపం లేదు. చీకట్లో పిల్లి కళ్ళు మెరవడానికి కారణం రెటీనా వెనుక ఉండే అద్దంలాంటి పొర. బయటి నుంచి వచ్చిన వెలుగును అది వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. ఇక మనకు ఏ కన్నయినా ఎటు చూస్తోందో తెలిసేది దాని వెలుగు వల్ల కాదు, నల్లటి కనుపాప దాని చుట్టూ ఉన్న లేత రంగులో ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి. నేను కనుపాప ఉండవలసిన చోటునే దీపం పెట్టాను. చూపు ఉండవలసిన చోట వెలుగు ఉంది.

అదే సమయంలో బటన్ సెల్‌ను కూడా వదిలేశాను. పిల్లలు దాన్ని మింగితే, అన్నవాహికలో ఇరుక్కున్నచోట తడి తగిలి కరెంటు ప్రవహించి, అక్కడ తయారయ్యే క్షారం రెండు గంటల్లోనే కణజాలాన్ని తీవ్రంగా కాల్చివేయగలదు. సెల్ పగలనక్కర్లేదు, కారనక్కర్లేదు. ఈ సంగతి చదివాక ఆ సెల్‌ను పిల్లల మంచం దరిదాపుల్లో ఉంచడానికి నాకు మనసొప్పలేదు. దాని బదులు మూడు ట్రిపుల్ ఏ బ్యాటరీలు పట్టే పెట్టెను, స్క్రూడ్రైవర్ లేనిదే తెరుచుకోని మూత ఉన్నదాన్ని తీసుకుని, గుడ్లగూబ పొట్టలో కూర్చోబెట్టాను. ఆ బరువుకు బొమ్మ ముందుకు తూలడం మానేసి నిలకడగా కూర్చోవడం మొదలుపెట్టింది. అది నేను అనుకోకుండా దక్కిన లాభం.

మూడు బ్యాటరీలు కలిస్తే 4.5 వోల్టులు. తెల్ల ఎల్‌ఈడీ స్థానంలో తేనె రంగుది, అంటే అంబర్ అని అమ్మేదాన్ని ఎంచుకున్నాను. చీకటికి అలవాటుపడిన కన్ను నీలం, ఆకుపచ్చ వైపు వెలుగుకు ఎక్కువగా స్పందిస్తుంది కాబట్టి నీలం పాలు ఎక్కువగా ఉన్న తెల్ల వెలుగు పడకగదిలో గుచ్చుకుంటుంది. తేనె రంగు అంతగా గుచ్చదు. ఈ ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టులే తీసుకుంటుంది. మిగిలిన 2.5 వోల్టులను రెసిస్టర్ మోయాలి. మామూలుగా చెప్పే 20 మిల్లీ యాంపియర్ల కరెంటు కావాలంటే 125 ఓమ్‌లు చాలు, కానీ అంత వెలుగుతో చీకటి గదిలో గుడ్లగూబ ఎదురుగా కూర్చుంటే టార్చిలైటు ముఖాన కొట్టినట్టుంది. రెసిస్టర్లు మారుస్తూ మారుస్తూ చివరికి 1,200 ఓమ్‌ల దగ్గర ఆగాను. అంటే ఒక్కో కంటికి 2 మిల్లీ యాంపియర్ల పైచిలుకు, మొదట అనుకున్నదానిలో పదో వంతు. ఒక్కో ఎల్‌ఈడీకి విడిగా ఒక రెసిస్టర్ పెట్టాలన్నది కూడా ఇక్కడే నేర్చుకున్నాను. రెండింటినీ పక్కపక్కన కలిపి ఒకే రెసిస్టర్‌తో సరిపెడితే, రెండింటి మధ్య ఉండే కొద్దిపాటి తేడా వల్ల ఒకటి ఎక్కువ కరెంటు లాగేసుకుని ఒంటికన్ను గుడ్లగూబ తయారవుతుంది.

రెండో జతకు ఒకవైపు ఉబ్బి, మరోవైపు చదునుగా ఉండే గాజు బిళ్ళలు వాడాను. చదునైన వైపు పలుచని రంగులతో వలయం వేసి, మధ్యలో నల్లటి కనుపాప దిద్ది, వెనుక నుంచి ఎల్‌ఈడీ వెలిగించాను. పగలు చూస్తే అందంగా ఉంది. దీపం వేయగానే నా కుంచె చేసిన తప్పులన్నీ బయటపడ్డాయి: ఎంత దట్టంగా వేశాననుకున్నా నల్లరంగులో సూదిమొనంత సందులు ఉండిపోయి, కనుపాప నిండా నక్షత్రాలు మెరిశాయి. కంటి అంచుల నుంచి కారిన వెలుగు ముఖంలోని బట్టను కూడా వెలిగించడంతో గుడ్లగూబకు జ్వరం వచ్చినట్టు కనిపించింది. మూడో జతలో ఈ రెండూ సరిచేశాను. కనుపాపకు రంగు బదులు నల్ల మఖమలు గుడ్డ బిళ్ళ అతికించాను. ఎల్‌ఈడీ కూర్చునే గొట్టానికి లోపల తెల్లరంగు, బయట నల్లరంగు వేశాను. తెల్లరంగు వెలుగును లోపలే తిప్పి కంటివైపు తోస్తుంది, నల్లరంగు బయటికి రానివ్వదు. ఎల్‌ఈడీ తలను సన్నని గరుకు కాగితంతో రుద్ది పాలరంగు తెప్పించాక వెలుగు ఒకేచోట గుచ్చుకోకుండా పరుచుకుంది. పనిగా చూస్తే తప్పు పట్టడానికి లేదు. అయినా మంచం మీద పడుకుని చూస్తే ఆ గుడ్లగూబ తలుపువైపు చూస్తోంది. కాస్త తిప్పి పెడితే నన్ను దాటి గోడను చూస్తోంది.

నిజమైన గుడ్లగూబకూ కళ్ళు కదలవు. దాని కన్ను గుండ్రంగా కాక గొట్టంలా ఉండి ఎముకలో బిగుసుకుని ఉంటుంది కాబట్టే, ఎటు చూడాలన్నా మెడ తిప్పాలి. ఒక్కోవైపుకు 270 డిగ్రీల దాకా తిప్పగలదు. నా బొమ్మకు ఆ మెడ లేదు. లోపల మోటారు పెడదామా అని ఆలోచించాను గానీ, అర్ధరాత్రి గిర్రుమని శబ్దం చేస్తూ తల తిప్పే బొమ్మను ఏ పిల్లా కోరుకోదు.

దారి దొరికింది పొరపాటున. నాలుగో జతకు టేబుల్ టెన్నిస్ బంతిని కోసి వాడదామనుకుని, ఉబ్బెత్తు వైపు రంగు వేయబోయి, కుంచెను సరిచూసుకోవడానికి ముందుగా లోపలి గుంటలో ఒక వలయం, మధ్యలో నల్లచుక్క వేశాను. ఆ ముక్కను బల్ల మీద అలాగే వదిలి లేచి, గదిలో అటువైపు వెళ్తూ చూస్తే ఆ చుక్క నావైపే ఉంది. ఇటు వచ్చినా నావైపే. వంగితే వంగింది. ఒంటరిగా ఉన్నందుకు కొంచెం భయపడ్డానని ఒప్పుకోవాలి.

దీని వెనుక మాయ లేదు. కంటి అంచు ముందు ఉంది, చుక్క లోతుగా వెనుక ఉంది. నేను కుడివైపు జరిగితే కిటికీలోంచి కనిపించే దూరపు చెట్టు కిటికీ చట్రంలో కుడివైపు జరిగినట్టే, ఆ చుక్క కూడా అంచుతో పోలిస్తే కుడివైపుకు జరుగుతుంది. కళ్ళంటే ఉబ్బెత్తుగానే ఉంటాయని మన మెదడు గట్టిగా నమ్ముతుంది కాబట్టి, అది గుంట అని గ్రహించక, కనుపాప నావైపు తిరిగిందని అర్థం చేసుకుంటుంది. లోపలికి పల్లంగా చేసిన ముఖం బయటికి ఉబ్బినట్టు కనిపించి మనల్ని అనుసరించడం కూడా ఇలాంటి భ్రమే. మసక వెలుతురులో, కాస్త దూరం నుంచి చూస్తే ఇది మరింత బలంగా పనిచేస్తుంది. రాత్రిపూట బొమ్మకు ఇంతకంటే ఏం కావాలి?

గుంట ఎంత లోతుగా ఉండాలన్నదే అసలు చిక్కు. ఇప్పటి టేబుల్ టెన్నిస్ బంతి వ్యాసం 40 మిల్లీమీటర్లు. సరిగ్గా సగానికి కోస్తే గుంట 20 మిల్లీమీటర్ల లోతు వచ్చి, పక్కనుంచి చూసేవారికి కనుపాప అంచు వెనుక పూర్తిగా దాక్కుంటుంది. మరీ పలుచని ముక్క కోస్తే భ్రమ పుట్టదు. 32 మిల్లీమీటర్ల వెడల్పు మూతి ఉండేలా కోసినప్పుడు లోతు 8 మిల్లీమీటర్లు వచ్చింది: వ్యాసార్ధం 20, మూతిలో సగం 16, కేంద్రం నుంచి కోతకు దూరం 12, ఇరవైలోంచి పన్నెండు పోగా ఎనిమిది. బడిలో విసుక్కుంటూ చేసిన లంబకోణ త్రిభుజం ఇన్నాళ్ళకు గుడ్లగూబ కంటిలో ఎదురైంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: పాతకాలపు బంతులు సెల్యులాయిడ్‌తో చేసినవి, అవి భగ్గున అంటుకుంటాయి. పాత డబ్బాలో దొరికిన బంతి ఏదో తెలియకపోతే వాడకపోవడమే మంచిది. కొత్త ప్లాస్టిక్ బంతి అయినా, టంకం పని అంతా పూర్తయ్యాకే దాన్ని దగ్గరికి తెచ్చాను.

దీపం ఇప్పుడు కంటి వెనుక కాదు, కంటి పైన ఉంది. 3 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీని పైరెప్పగా కుట్టిన ఫెల్ట్ గుడ్డ కింద దాచి, గుంట అడుగువైపు వంచాను. వెలుగు గుంటలో పడి తిరిగి వస్తుంది, మఖమలు కనుపాప మాత్రం దాన్ని మింగేసి నల్లగానే ఉంటుంది. ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచింది రంగుల సంగతి. వలయంలో ఎంతో ఓపికగా వేసిన ఆకుపచ్చ గీతలు రాత్రి దీపం వేస్తే మాయమయ్యాయి. తేనె రంగు ఎల్‌ఈడీ వెలుగులో దాదాపు ఒకే రంగు ఉంటుంది కాబట్టి, దాని కింద ఏ రంగయినా లేత, ముదురు అన్న తేడాతోనే కనిపిస్తుంది. ఆకుపచ్చ గీతలూ, వాటి వెనుక ఉన్న వలయం రంగూ ఒకే ముదురులో ఉండటంతో కలిసిపోయాయి. అప్పటి నుంచి వలయాన్ని పగటి వెలుతురులో కాక, ఆ ఎల్‌ఈడీ వెలుగులోనే, ముదురు గోధుమ రంగుతో గీశాను.

వెలుగును క్షణంపాటు తగ్గించి రెప్ప వేసినట్టు చేయడానికి, మనం రాసిన ప్రోగ్రామును నడిపే ఏటీటైనీ 85 అనే ఎనిమిది కాళ్ళ చిప్‌ను వాడాను; అది 2.7 నుంచి 5.5 వోల్టుల దాకా పనిచేస్తుంది కాబట్టి మధ్యలో మరే భాగమూ అవసరం లేదు. మొదట ప్రతి నాలుగు సెకన్లకు ఒకసారి రెప్ప వేయించాను. అది మలుపు తిరగబోతున్న కారు దీపంలా ఉంది. విరామాన్ని 3 నుంచి 9 సెకన్ల మధ్య చిప్ తనకు తోచినట్టు ఎంచుకునేలా మార్చి, అప్పుడప్పుడూ వెంటవెంటనే రెండుసార్లు రెప్పవేసేలా చేశాక ప్రాణం వచ్చింది. వెలుగు తగ్గేటప్పుడు మెట్లు మెట్లుగా దిగుతున్నట్టు కనిపించడం ఇంకో ఇబ్బంది. మన కన్ను తక్కువ వెలుగులో చిన్న తేడాను కూడా పట్టేస్తుంది, ఎక్కువ వెలుగులో పట్టదు. అందువల్ల చిప్‌కు వెలుగు ఎంత ఉండాలో చెప్పే 0 నుంచి 255 దాకా ఉన్న ప్రతి సంఖ్యనూ దానితోనే గుణించి 255తో భాగించాను. 128 దగ్గర అసలు విలువ 64 మాత్రమే. దాంతో దిగడం సాఫీ అయింది. కోపం వచ్చినప్పుడు కళ్ళు టకటకా కొట్టుకోవాలని మా అక్క కూతురు అడిగింది గానీ అది చేయలేదు. సెకనుకు 3 నుంచి 30 సార్లు ఆరి వెలిగే దీపాలు కొందరిలో మూర్ఛను రేపగలవు. పడకగదిలో అలాంటి ఆట వద్దన్నాను.

చీకటి పడితేనే వెలగాలని వెలుగును గుర్తించే సెన్సర్‌ను ముక్కు పైన పెట్టడం నేను చేసిన అన్నిటికంటే హాస్యాస్పదమైన తప్పు. చీకటి పడింది, కళ్ళు వెలిగాయి, ఆ వెలుగు సెన్సర్ మీద పడి తెల్లవారిందనుకుంది, కళ్ళు ఆరాయి, మళ్ళీ చీకటి. ఇలా ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది. సెన్సర్‌ను వీపు మీదికి మార్చి, వెలగడానికి ఒక హద్దు, ఆరడానికి ఇంకాస్త పైన మరో హద్దు పెట్టాక కుదుటపడింది.

చివరి పరీక్ష కన్ను ఊడి వస్తుందా అన్నది. ఆరు మిల్లీమీటర్ల కంటే పెద్ద భాగాన్ని 90 న్యూటన్ల బలంతో లాగినా ఊడకూడదని యూరప్ బొమ్మల ప్రమాణం ఈఎన్ 71 చెబుతుంది. అది సుమారు 9 కిలోల బరువు వేలాడదీసినట్టు. లీటరు నీళ్ళ సీసాలు ఒక్కొక్కటిగా సంచీలో వేస్తూ కంటి నుంచి వేలాడదీశాను. ఏడో సీసాకు జిగురు వదిలేసి కన్నూ సంచీ కలిసి నా పాదం మీద పడ్డాయి. కన్ను వెనుక బట్ట లోపలివైపు వెడల్పాటి బిళ్ళ పెట్టి, అంచు చుట్టూ నైలాన్ దారంతో కుట్టాక తొమ్మిది సీసాలూ మోసింది.

ఆ రాత్రి గుడ్లగూబను మంచం పక్కన పెట్టాం. తను మంచం ఈ చివర నుంచి ఆ చివరకు దొర్లి చూసి, దుప్పటి ముసుగు తీసి మళ్ళీ చూసి, ఎటు వెళ్ళినా చూస్తోందని కేక వేసింది. మరుసటి ఉదయం చూస్తే బొమ్మ గోడవైపు తిరిగి ఉంది. అది అలా చూస్తూ ఉంటే నిద్ర పట్టడం లేదట. గుడ్లగూబ రెప్ప ఆర్పడానికి పైరెప్పను దించుతుంది గానీ, నిద్రపోయేటప్పుడు కింది రెప్పను పైకి లేపుతుంది. కాబట్టి ఇప్పుడు రెండు కింది రెప్పలు కత్తిరిస్తున్నాను, బొత్తాం పెట్టి పైకి తగిలించేలా.